పెద్దాయన పెట్టిన దండం

ఫిబ్రవరి 3

స్కూలు చదువు అయ్యాక నేను రాసినవి బట్టల చీటీలు, మందుల పేర్లు, తలుపుకి అంటించే "ఇప్పుడే వస్తాను" కాగితాలు. అంతకు మించి కలానికి పని పెట్టలేదు. ఇవాళ దుకాణంలో రెండు నోటు పుస్తకాలు కొన్నాను. ఒకటి పుస్తకాలమ్మాయికి. నేను సందర్శకులకు చెప్పేదంతా ఉన్నది ఉన్నట్టు రాసిమ్మని అడిగింది. రెండోది ఇది. ఆ అమ్మాయికి చెప్పలేనిది రాసుకోవడానికి. నోటితో ఎవరికైనా చెప్పుకుందామంటే ఇంట్లో ఉన్నది అత్తయ్య ఒక్కతే. ఆమెకు చెబితే రేడియోకి చెప్పినట్టే.

సంగతి ఇది. నేను తాళం తీసి, ఊడ్చి, టికెట్టు చింపి, వచ్చినవాళ్లకు చూపించేది పెద్దాయన ఇల్లు. ఈ వైపు మొట్టమొదట విమానాలు తయారు చేసే ఫ్యాక్టరీ పెట్టినాయన. కర్రా గుడ్డా కలిపి ఆకాశంలోకి ఎగరేసిన మనిషి. ముందు గదిలో ఆయన ఫోటో ఒకటుంది. వెనక గుడ్డ రెక్కల విమానం. ముందు ఆయన తల కొంచెం వంచి, రెండు అరచేతులూ జోడించి ముక్కుకి ఆనించుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉంటాడు. ఆ ఫోటో దగ్గరికి వచ్చేసరికి నేను గొంతు ఇంకా తగ్గించి చెబుతాను. అంత పెద్ద మిషను చేసినాయన కూడా అది నేల వదిలే ముందు దేవుడికి దండం పెట్టుకున్నాడు చూడండి, రోజూ పెట్టుకునేవాడు, అని. స్కూలు పిల్లలు ఎంత అల్లరివాళ్లయినా అక్కడ ఒక్క క్షణం ఊరుకుంటారు. టీచర్లు నావంక మంచినీళ్లిచ్చిన మనిషిని చూసినట్టు చూస్తారు.

పుస్తకాలమ్మాయి పెద్దాయన జీవితం రాస్తోంది. పెద్ద చదువు చదివింది, అయినా నన్ను చూడగానే లేచి నిలబడుతుంది. ఇవాళ పెన్సిలు చెవి మీంచి తీసి మామూలుగా అడిగింది.

"పిన్నిగారూ, రోజూ దండం పెట్టుకునేవాడని మీకు ఎవరు చెప్పారు?"

"మా అత్తయ్య చెప్పింది," అన్నాను. నాకన్నా ముందు ఈ ఇల్లు చూసుకున్నది ఆమే.

అమ్మాయి రాసుకుంది. నేను ఇంటికొచ్చి, ఎందుకైనా మంచిదని అత్తయ్యను అడిగాను.

"నేనా? దండమా? ఏ జన్మలో?" అంది అత్తయ్య, టీలో బిస్కెట్ ముంచుకుంటూ.


ఫిబ్రవరి 4

అత్తయ్య మరిచిపోయి ఉంటుంది. వయసు అలాంటిది.


ఫిబ్రవరి 6

అత్తయ్య ఇవాళ పాతికేళ్ల కిందట పక్కింటివాళ్లు తీసుకుని తిరిగివ్వని గరిటె గురించి చెప్పింది. ఆ గరిటె కాడ మీద ఉన్న పువ్వుకి ఎన్ని రేకులో కూడా చెప్పింది. అయినా మరిచిపోయి ఉంటుంది. గరిటెలు వేరు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. పెద్దాయన దండం పెట్టుకునేవాడని ఒక్క ఆధారం నేనే వెతికి పుస్తకాలమ్మాయి చేతిలో పెడతాను. అప్పుడు ఎవరు చెప్పారన్న ప్రశ్నే ఉండదు. ఇల్లంతా నా చేతిలో ఉంది. తాళాలు నా నడుముకే ఉన్నాయి.

సందర్శకులు లేనప్పుడు వెనక గది బీరువా తెరిచి కూర్చుంటున్నాను. పెద్దాయన అచ్చు వేయించిన పుస్తకాలూ, ప్రసంగాలూ ఉన్నాయి. ఏ కర్ర తేలిక, ఏ కర్ర వంగుతుంది, రెక్క గుడ్డ మీద ఎన్నిసార్లు వార్నీషు పుయ్యాలి, అన్నీ ఉన్నాయి. దేవుడు లేడు. చదువుతూ చదువుతూ ఒక ప్రసంగంలో "దైవానుగ్రహం వల్ల" అన్న మాట కనబడింది. నాకు లేచి ఆ గదిలోనే ఒక చుట్టు తిరగాలనిపించింది. పుస్తకాలమ్మాయి రాగానే చూపించాను. ఆ అమ్మాయి నన్ను నొప్పించకుండా చెప్పింది. పెద్దాయన ప్రసంగాలన్నీ ఆయన గుమస్తా రాసేవాడట. ఆ గుమస్తా అన్నిటినీ ఆ మాటతోనే మొదలుపెట్టేవాడట. ఫ్యాక్టరీలో కొత్త మరుగుదొడ్లు తెరిచినప్పటి ప్రసంగం కూడా అలాగే మొదలవుతుందట.

అన్నట్టు, మెట్ల రెయిలింగు మళ్లీ ఊగుతోంది. పిల్లలు పైకి పరిగెత్తేటప్పుడు మనసులో దండం పెట్టుకుంటున్నాను.


ఫిబ్రవరి 10

పెద్దాయన మనవరాలు పెద్దావిడ. మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉంటుంది. ఏడాదికోసారి ఫోను చేసి ఇల్లు ఎలా ఉందని అడుగుతుంది. ఈసారి నేనే చేశాను. క్షేమ సమాచారాలు అయ్యాక, తాతగారికి భక్తి ఎక్కువ కదండీ అన్నాను. అడిగినట్టు కాకుండా, తెలిసినదాన్నే ఒకసారి తలుచుకున్నట్టు.

ఆవిడ చాలాసేపు నవ్వింది. మధ్యలో దగ్గొచ్చి ఎవరో నీళ్లిచ్చినట్టున్నారు.

"మా తాతయ్యా? తన పెళ్లిలోనే గడియారం చూసుకుంటూ నిలబడ్డాడటమ్మా. ఇంకెంతసేపు, అవతల ఇంజను వేడెక్కుతోంది అన్నాడట."

నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక నవ్వు ఎటుపోయిందో తెలియలేదు.


ఫిబ్రవరి 11

భక్తి మనసులో ఉంటుంది. మనవరాలికేం తెలుసు.


ఫిబ్రవరి 14

ఇవాళ అత్తయ్యను కుదురుగా కూర్చోబెట్టి అడిగాను. కాళ్లకు నూనె రాస్తూ అడిగితే ఆమె నిజమే చెబుతుంది.

"అత్తయ్యా, ముందు గదిలో పెద్దాయన ఫోటో ఉందే, చేతులు జోడించి. నువ్వు పనిలో ఉన్నప్పుడు వచ్చినవాళ్లకు ఏమని చెప్పేదానివి?"

"చలికి చేతులు రుద్దుకుంటున్నాడని చెప్పేదాన్ని."

"చలికా?"

"మరి? ఆ ఇంట్లో చలి నీకు తెలీదేంటి. నేను చేసిన రోజుల్లో కిటికీకి అద్దం కూడా లేదు. పొద్దున వెళ్లి నేనూ అలాగే రుద్దుకునేదాన్ని. పాపం ఈయనకీ నాలాగే అయిందనుకునేదాన్ని. ఎడమ కాలు వదిలేశావు, అమ్మాయ్."

ఎడమ కాలికీ రాశాను. అయితే ఈ దండం ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో చెప్పారు. ఖాయంగా ఎవరో చెప్పారు. ఆ చెప్పిన గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. మెల్లగా, నచ్చజెప్పినట్టు ఉంటుంది.


ఫిబ్రవరి 17

ఆ గొంతు నాదే.

ఇవాళ గదులు తుడుస్తూ ఉంటే గుర్తొచ్చింది. మావారు పోయాక అత్తయ్య తన పని నాకిప్పించింది. మావారు రంగుల మేస్త్రీ. పెద్ద బిల్డింగు మీంచి పడిపోయారు. ఆ సంగతి ఇక్కడ రాయను. పనిలో చేరిన మొదటి రోజే ఒక స్కూలు మొత్తం వచ్చింది. టీచరు గడియారం చూస్తోంది. పిల్లలు ఒకరి జడ ఒకరు లాగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక ఫోటో వంక చూశాను. చేతులు జోడించి, కళ్లు మూసుకుని ఒక మనిషి. ఇంత పెద్దాయనకీ పొద్దున్నే ఇదే ఆధారం అన్నమాట, నాలాగే, అనుకున్నాను. అనుకున్నది పైకి అనేశాను. పిల్లలు ఊరుకున్నారు. ఆ మాటతోనే ఆ రోజు గడిచింది. మర్నాడూ అదే చెప్పాను. ఇన్నేళ్లూ అదే చెప్పాను.

అబద్ధం చెప్పానని నేను అనుకోవడం లేదు. కంటికి కనబడుతోందిగా. కనబడింది చెప్పాను.

"రోజూ" అన్నది మాత్రం కనబడలేదు.


ఫిబ్రవరి 20

పుస్తకాలమ్మాయి టైపు చేసిన కాగితాలు తెచ్చింది. ఒక అధ్యాయానికి పేరే "దండం". ఇనుమునూ లెక్కలనూ తప్ప దేన్నీ నమ్మని మనిషి పొద్దున్నే ఎవరి ముందు తల వంచాడు అని ఎంతో బాగా రాసింది. చదువుతుంటే నాకే కళ్లు తడిశాయి. కింద చిన్న అక్షరాల్లో "ఈ ఇంటి సంరక్షకురాలు, ఆమె అత్తగారి నుంచి విన్నది" అని ఉంది. పుస్తకం వేసేవాళ్లకు అన్నిటికన్నా ఆ అధ్యాయమే నచ్చిందట. అట్ట మీద కూడా ఆ ఫోటోనే వేస్తారట.

"మా గైడుగారు, అదే నా పరిశోధన చూసే ప్రొఫెసరుగారు, ఒక పట్టాన దేన్నీ నమ్మరు పిన్నిగారూ. ఆధారం ఏదీ అంటారు. ఈ ఇంట్లో రెండు తరాలుగా చెప్పుకుంటున్న మాట అన్నాను. అప్పుడు ఒప్పుకున్నారు."

రెండు తరాలు. అందులో ఒక తరం చలి అంటోంది.

అప్పుడే చెప్పేయాల్సింది. టీ పెట్టాను. చక్కెర ఎక్కువైంది. ఆ అమ్మాయి బాగుందంటూ తాగింది.


ఫిబ్రవరి 21

రేపు చెబుతాను.


ఫిబ్రవరి 22

సెలవు. దేవుడికి చెప్పాను. ఆ అమ్మాయికి చెప్పడం కన్నా ఇది సులువు.


ఫిబ్రవరి 24

అట్ట కోసం ఫోటోకి ఫోటో తీయాలని పుస్తకాలమ్మాయి కెమెరా తెచ్చింది. అద్దం మెరుస్తోంది, ఫ్రేము విప్పుదామా అంది. నేను వచ్చాక ఆ ఫోటోని గోడ నుంచి దింపింది లేదు, ఉన్నచోటే తుడుస్తాను. ఇద్దరం కలిసి దింపాం. వెనక మేకులు చెంచా కాడతో ఎత్తాం. అట్టముక్క తీయగానే తెలిసింది, ఫోటో ఫ్రేము కన్నా పెద్దది. కింద జానెడు మేర మడిచేసి ఉంది. ఎవరో పని తెలిసినవాళ్లే మడిచారు, దుప్పటి అంచులాగా తిన్నగా.

మెల్లగా విప్పాం. పెద్దాయన కాళ్ల దగ్గర చిన్న బల్ల. బల్ల మీద మూతలేని ఒక గిన్నె. గిన్నెలోంచి పైకి లేచిన ఒక కాడ.

పుస్తకాలమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "పిన్నిగారూ, పవిత్ర జలం. దండం పెట్టుకుని విమానం మీద చల్లేవాడన్నమాట. ఇది ఇంతవరకూ ఎవరికీ తెలీదు."

అంత చదువుకున్న పిల్ల, గిన్నెను చూసి పూజ అంది. ఎందుకంది? నేను ముందే చెప్పి పెట్టాను కాబట్టి. నేను దండం అని చెప్పాను కాబట్టి ఆమెకు గిన్నెలో నీళ్లు పవిత్రమైపోయాయి. ఇప్పుడిక అధ్యాయం ఇంకో రెండు పేజీలు పెరుగుతుంది.

ఇంకొక సంగతి. ఫ్రేము వెనక ఒక చీటీ అంటించి ఉంది. ఫోటో స్టూడియోవాళ్లది. "పెళ్లి ఫోటో. జాగ్రత్త." పెద్దాయన పెళ్లికి ఈ స్టూడియో పుట్టి ఉండదు. మా పెళ్లి ఫోటోలు తీసిన స్టూడియో అది.


ఫిబ్రవరి 25

"అవును, మీదే," అంది అత్తయ్య, ఏమాత్రం తొణక్కుండా. "ఆ వారం పెద్దాయన కూతురు చూడ్డానికి వస్తోందని కబురొచ్చింది. చూస్తే ఫోటో ఫ్రేము చెదలు పట్టి చేతిలో పొడిపొడి అయిపోయింది. అప్పుడే స్టూడియో నుంచి మీ ఫ్రేము వచ్చింది, ఖాళీగా ఉంది. రెండు రోజులకని పెట్టాను."

"రెండు రోజులా, అత్తయ్యా?"

"తరవాత తీద్దామనే అనుకున్నాను. ఆ ఫోటోకి అది బాగా నప్పింది. కింద కాస్త ఎక్కువైతే మడిచాను. కింద ఏముంది, ఏదో గిన్నె."

ఫ్రేమును ఆ స్టూడియో షాపువాడు పోగొట్టాడని మావారు నాతో అన్నారు. ఆ షాపు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా వాణ్ణి మనసులో తిట్టుకునేదాన్ని. ఆ మాటే అన్నాను. అత్తయ్య నవ్వింది. "మావాడికి తెలుసు. కొత్త పెళ్లాం అత్త మీద అలుగుతుందని షాపువాడి మీదకు నెట్టాడు. నా కొడుకు తెలివైనవాడు."

మా పెళ్లి ఫోటో ఇన్నేళ్లూ పెట్టెలో బట్టల కింద పడుకుని ఉంది. అలగాలో నవ్వాలో తెలియక అన్నం వడ్డించాను.

కానీ తినేటప్పుడు నాకు ఫ్రేము గుర్తుకు రాలేదు. ఆ కాడే గుర్తొచ్చింది. అది గరిటె కాదు. బ్రష్షు. గిన్నె అంచు మీద కుచ్చు కొంచెం కనబడుతోంది. మావారి బ్రష్షులు ఏళ్ల తరబడి కిరసనాయిల్లో కడిగిన చేతులు నావి. రంగు బ్రష్షు కుచ్చు అలా ముద్దగా అతుక్కుని ఉండదు.

దేవుడికి బ్రష్షు ఎందుకు?


ఫిబ్రవరి 27

పెద్దాయన ఇంట్లో కుర్చీలు బాగుచేసే వడ్రంగి మా వీధి చివరే ఉంటాడు. నన్ను చెల్లెమ్మా అంటాడు. నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి కాబట్టి మాటలు తక్కువ. ఫోటో చూపించలేదు. ఊరికే అడిగాను, పాతకాలంలో చెక్కపని దగ్గర గిన్నెలో బ్రష్షు వేసి ఏం పెట్టుకునేవారు అన్నయ్యా అని. ఆయన మేకులు అరచేతిలోకి ఉమ్ముకుని, బంక, అన్నాడు. తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి చేసే బంక. వేడి మీద పుయ్యాలి. ఏ పూటది ఆ పూట వాడాలి, వానాకాలం అయితే మరీను. నిలవైతే పైకి బాగానే కనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు.

"పైకి బాగుంటే నిలవైందని ఎలా తెలుస్తుంది?"

"ఇలా," అన్నాడు.

ఉత్త చేతులే. రెండు అరచేతులూ కలిపి గట్టిగా రుద్దాడు. రుద్దిన చేతులు అలాగే జోడించి ముక్కుకి ఆనించుకున్నాడు. వాసన మీద ధ్యాస పెట్టడానికి కళ్లు మూసుకున్నాడు. తల కొంచెం వంచాడు.

నా ముందు రంపపు పొట్టులో, మాసిన చొక్కాలో, పెద్దాయన నిలబడ్డాడు.

"చెడితే కుళ్లు వాసన కొడుతుంది. బాగుంటే చేతులు విడదీస్తే దారాల్లా సాగుతుంది. ఏం చెల్లెమ్మా, అలా అయిపోయావు? కూర్చో."

కూర్చున్నాను. కూర్చున్న కుర్చీకి మూడు కాళ్లే ఉన్నాయి, బాగుచేయడానికి వచ్చినది. ఆయనే పట్టుకుని లేపాడు.

ఇన్నేళ్లుగా ఎందరు పిల్లలకు చెప్పాను. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నాడని. ఉడికిన తోలు వాసన చూస్తున్నాడు.


ఫిబ్రవరి 28

చెప్పేశాను.

పుస్తకాలమ్మాయి తలుపు తోసుకుని రాగానే, టీ పెట్టకుండా, కూర్చోమనకుండా చెప్పాను. టీ పెడితే మళ్లీ చక్కెర ఎక్కువై ఊరుకుంటానని భయం.

"అమ్మాయీ, ఆ దండం మా అత్తయ్య చెప్పలేదు. నేనే చెప్పాను. నాకు అలా కనబడింది. అది దండం కాదు. బంక వాసన చూస్తున్నాడు."

వడ్రంగి చూపించినట్టు చేసి చూపించాను. ఆ అమ్మాయి నా చేతుల వంక చూసింది, గోడకు ఆనించి ఉన్న ఫోటో వంక చూసింది. పుస్తకం అచ్చుకు వెళ్లిపోయే వారం ఇది. గైడుగారి ముందు రెండు తరాలని తనే చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఇప్పుడు అట్ట మీద ఏం వెయ్యమంటారు పిన్నిగారూ?"

"అదే వెయ్యి. కింద మడవకుండా వెయ్యి."

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. పెన్సిలు మరిచిపోయింది.


మార్చి 2

రాలేదు.


మార్చి 3

పెన్సిలు చెక్కి పెట్టాను. రాలేదు. అత్తయ్య అంటోంది, చలి అని చెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదట.


మార్చి 5

వచ్చింది. సంచీ నిండా కాగితాలు. గుమ్మంలోంచే మొదలుపెట్టింది, ఊపిరి తీసుకోకుండా.

ఫ్యాక్టరీ పెట్టిన మొదట్లో ఒక విమానం గాల్లోనే రెక్క ఊడి పడిపోయిందట. నడిపినవాడు చిన్నవాడు, కొత్తగా పెళ్లయినవాడు, పోయాడు. విచారణ చేశారు. ముందురోజు మిగిలిన బంకతో రెక్క అతికించారని తేలింది. చూడ్డానికి బాగానే ఉందట. ఆ సంగతి ఈ అమ్మాయికి ముందే తెలుసు. తన పుస్తకంలో వేరే అధ్యాయంలో, ప్రమాదాల కింద రాసుకుంది. అప్పటి నుంచి ఏ పూట బంక ఆ పూట పెద్దాయన ముందు పెట్టి, ఆయన సరే అన్నాకే వాడాలన్న నియమం వచ్చిందనీ తెలుసు. ఆయన ఎలా సరే అనేవాడో మాత్రం తెలియదు. అది మన గోడ మీద వేలాడుతోంది.

"మీరు రోజూ అన్నారు చూడండి, అదొక్కటి నిజం పిన్నిగారూ. రోజూ చేసేవాడు. గైడుగారు మొదటిసారి ఆధారం ఏదీ అనలేదు. మళ్లీ చెప్పు అన్నారు."

అధ్యాయం మళ్లీ మొదటి నుంచి రాస్తుందట. పేరు "గిన్నె". అచ్చు ఒక వారం వెనక్కి వెళ్లింది. అమ్మాయి ఇంకేదో చెబుతోంది, నాకు వినబడలేదు. ఎదురుగా కూర్చుని టీ గ్లాసు తిప్పుతున్నాను.

రాయనని అన్నది రాస్తాను. మావారు కూర్చుని రంగు వేసే పలకను తాడుతో కట్టి పైనుంచి వేలాడదీసేవారు. ఆ తాడు తెగింది. అది వారం నుంచీ వానలో నానుతూనే ఉందని తరవాత అందరూ అన్నారు. ముందు ఎవరూ అనలేదు. పైకి బాగానే ఉందట. ఆ రోజు పొద్దున కూడా నేను గుమ్మంలో నిలబడి దండం పెట్టుకునే పంపాను. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చేతులు దించలేదు.

నేను రోజూ దండం పెట్టాను. తాడు పట్టుకుని చూసినవాడు లేడు. పెద్దాయన దండం పెట్టలేదు. గిన్నె వాసన చూశాడు.

దేవుడి మీద నాకు కోపం లేదు. ఇవాళా పెట్టుకున్నాను, రేపూ పెట్టుకుంటాను. అమ్మాయి వెళ్లాక మాత్రం వీధి చివరకు వెళ్లి వడ్రంగి అన్నయ్యను పిలుచుకొచ్చాను. మెట్ల రెయిలింగు ఊగుతోంది, ఇవాళే బిగించాలి అన్నాను. రేపు వస్తానన్నాడు. ఇవాళే అన్నాను. నా గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. మేకులు నోట్లో వేసుకుని వచ్చాడు.


మార్చి 12

కొత్త కథ మొదటిసారి చెప్పాను. చిన్న క్లాసు పిల్లలు. ముందు పడిపోయిన విమానం గురించి చెప్పాను, మరీ భయపడకుండా. తరవాత ఫోటో చూపించి, ఈయన ఏం చేస్తున్నాడో చెప్పండి అన్నాను. ఒకడు తుమ్ము ఆపుకుంటున్నాడన్నాడు. ఒకతె ఏడుస్తున్నాడంది. వెనక నుంచి ఒకతె, దండం, అంది. ఆ పిల్లను ఎత్తుకోవాలనిపించింది.

తరవాత అందరిచేతా చేతులు రుద్దించి వాసన చూడమన్నాను. గది నిండా పెద్దాయనలు, కళ్లు మూసుకుని. ఒకడి చేతులు బిస్కెట్ వాసన. ఒకడు పక్కవాడి చేతులు వాసన చూసి, మేడమ్, ఇది నిలవైంది, పారేయండి అన్నాడు. ఇదివరకు ఆ ఫోటో దగ్గర పిల్లలు ఊరుకునేవారు. ఇప్పుడు గోల. టీచరు నావంక మంచినీళ్లిచ్చిన మనిషిని చూసినట్టు చూడలేదు.

మెట్లెక్కేటప్పుడు మాత్రం పట్టుకుని ఎక్కండి అన్నాను. రెయిలింగు రాయిలా ఉంది. ముందు నేను ఊపి చూశాకే పిల్లలను ఎక్కనిచ్చాను.


మార్చి 20

పెద్దాయనకు కొత్త ఫ్రేము వచ్చింది. వడ్రంగి అన్నయ్య చేశాడు. గిన్నె, బ్రష్షు, బల్ల, బల్ల కింద ఎవరిదో విడిచిన చెప్పుల జత కూడా కనబడుతున్నాయి. చెప్పులు ఎవరివని ఎవరైనా అడిగితే నాకు తెలియదని చెబుతాను. ఇవాళ అద్దం ముందు నిలబడి ఆ మాట రెండుసార్లు చెప్పుకుని చూశాను. చెప్పొచ్చు. నోరేం పడిపోలేదు.

పాత ఫ్రేము ఇంటికి తెచ్చాను. అత్తయ్య దాన్ని చూసి, ఇన్నేళ్లు జాగ్రత్తగా వాడాం, ఒక్క గీత పడలేదు చూడు, అంది, ఏదో మేలు చేసినట్టు. పెట్టెలోంచి మా పెళ్లి ఫోటో తీశాను. అంచులు కాస్త పసుపెక్కాయి. మావారు కెమెరా వంక చూడకుండా పక్కకు చూస్తున్నారు. ఎటు చూస్తున్నారా అని ఎన్నోసార్లు అనుకున్నాను. నావైపు అని అత్తయ్య అంటుంది. నాకూ అలాగే కనబడుతుంది. కనబడుతుందని మాత్రమే రాస్తున్నాను.

ఫ్రేములో పెట్టాను. నాలుగు వైపులా సరిగ్గా పట్టింది. దాని కోసం చేసినదేగా. మేకు కొట్టేటప్పుడు గోడ గట్టిగా ఉందో లేదో వేళ్లతో తట్టి చూస్తుంటే, వెనక నుంచి అత్తయ్య, "ఏంటమ్మాయ్, గోడ వాసన కూడా చూస్తావా?" అంది. చూశాను. సున్నం వాసన. బాగానే ఉంది.

పుస్తకాలమ్మాయి పుస్తకం ఎల్లుండి వస్తుంది. అట్ట మీద గిన్నె ఉందని ఫోనులో చెప్పింది. లోపల నా గురించి ఏం రాసిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ అమ్మాయికి రాసిస్తానన్న మొదటి నోటు పుస్తకం కొత్త కథతో నింపి ఇచ్చేశాను. ఇదొక్కటి మిగిలింది.

నా తరవాత ఇది ఎవరి చేతికి వస్తుందో తెలియదు. ఎవరైనా సరే, పారేయకండి. బట్టల కింద పెట్టెలో దాచండి, చాలు. ఎవరికీ చూపించకండి. ముఖ్యంగా పెద్దాయన ఇంట్లో గాజు బల్లలో పెట్టి కింద చీటీ అంటించకండి. చీటీలో ఏం రాయాలో తోచక ఏదో ఒకటి రాసేస్తారు, నాకు తెలుసు. ఒకవేళ మాట వినక ఎక్కడైనా పెట్టాల్సే వస్తే, పట్టలేదని మాత్రం కింద మడవకండి.